పక్షుల రోగనిరోధక కణాల వికాసం: తిత్తి నుంచి కణసంసంజక అణువు దాకా

1621లో మరణానంతరం ముద్రితమైన గ్రంథంలో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రిషియస్ కోడి మలద్వారం పైనున్న తిత్తిని (బర్సా) వర్ణించి, దానిని వీర్యం నిలువ ఉండే కోశంగా భావించాడు. ఆ పొరపాటు తొలగడానికి మూడు శతాబ్దాలు దాటింది. తరగతి ప్రదర్శన కోసం తిమోతీ చాంగ్ సాల్మొనెల్లా ప్రతిజనకం ఎక్కించిన కోళ్ళలో, అంతకుముందు బ్రూస్ గ్లిక్ బర్సా తొలగించినవి చాలావరకు ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేయలేదు. ఈ ఫలితం 1956లో కోళ్ళ పరిశోధన పత్రికలో వెలువడినందువల్ల రోగనిరోధక శాస్త్రజ్ఞుల దృష్టికి ఆలస్యంగా చేరింది. 'బీ కణం' పేరు బర్సా నుంచే వచ్చింది.

1970లలో నికోల్ లె డౌరిన్ బృందం కౌజుపిట్ట, కోడి పిండాల కణజాలాలను కలిపి, పూర్వగామి కణాలు థైమస్‌కూ బర్సాకూ బయటినుంచే వలస వస్తాయని నిరూపించింది. అవి గమ్యాన్ని ఎలా గుర్తిస్తాయన్న ప్రశ్న అప్పుడు ముందుకొచ్చింది. కణాలను అంటిపట్టుకునేలా చేసే అణువులపై అన్వేషణ సాగి, 1996లో కోడి రక్తకణ పూర్వగాముల ఉపరితలంపై హెమ్‌క్యామ్ వెల్లడైంది. ఒక అవయవం ప్రయోజనాన్ని గురించిన పాత ప్రశ్న ఆ విధంగా కణ ఉపరితలానికి చేరింది.