గాలి దట్టించు కథ

జీడిమెట్లలో నొక మరమ్మతుశాలయందు మా మనుమడు తన టర్బో కారునకు పిగ్గీబ్యాక్ ట్యూనరు అను పెట్టెను బేరమాడుచుండ, నాకొక పూర్వకథ జ్ఞప్తికి వచ్చినది.

వృథాగా పోవు పొగ వేగముచే చక్రమును త్రిప్పి, ఇంజనులోనికి గాలిని దట్టించు ఉపాయమునకు స్విట్జర్లాండు దేశీయుడు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లో పేటెంటు పొందెను. 1962లో అమెరికావారు దానిని ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారున కమర్చిరి. మూడున్నర లీటర్ల ఇంజను 215 అశ్వశక్తుల నిచ్చెను. అయితే గాలి నధికముగా నదిమినచో ఇంధనము వేళగాని వేళ ప్రేలి పిస్టనులను చెరచును. అందులకు విరుగుడుగా నీరును మిథైలు ఆల్కహాలును కలిపిన ద్రవమును వేరు తొట్టినుండి చిమ్మించిరి. పలువురు యజమానులు ఆ తొట్టిని నింపుట మరచిరి! ద్రవ మయిపోగానే ఒత్తిడిని తగ్గించు కవాట ముండెను గాని, కారు నీరసించెనని వారు గొణగిరి. రెండేండ్లకే దాని తయారీ నిలిచెను.

నేడా కాపలా కంప్యూటరుది. ఈ పెట్టె సెన్సారునకును దానికిని నడుమ జొరబడి, ఒత్తిడి ఉన్నదానికంటె తక్కువని చెప్పును. అది నమ్మి మరింత గాలిని రప్పించును. కరణమునకు దొంగలెక్క చూపుటయే గదా!

"ఇది ఇంధనమును, నిప్పురవ్వ వేళను గూడ కనిపెట్టునా? ఒత్తిడి నొక్కదానినే మార్చునా?" అని అడిగితిని. ఒత్తిడి నొక్కదానినే యనిరి. మనుమడు పెట్టెను బల్లపై నుంచి లేచెను.