గురి చూచే గాజుకన్ను

కృష్ణపట్నం వద్ద కండలేరు సముద్రంలో కలుస్తుంది. వేటకు వెళ్ళి తిరిగివచ్చే పడవవానికి అటువంటి మొగలలో దారి తెలియటం ప్రాణావసరం. ఒడ్డున ఒకదాని వెనుక ఒకటిగా ఉన్న రెండు గురుతులను, ఒక తాడిచెట్టును, దాని వెనుక ఒక గోపురాన్ని అనుకుందాం, ఒకే వరుసలోనికి తెచ్చుకొని పడవ నడపటం జాలరులకు తెలిసిన ఉపాయమే. గురుతులు విడివిడిగా కనిపిస్తే పడవ దారి తప్పినట్లు.

తుపాకి గురి కూడ ఇదే. ఎన్.సి.సి.లో .22 రైఫిల్ పట్టిన విద్యార్థులు ఎరుగుదురు: కంటి దగ్గర వెనుక గురి, గొట్టం కొసన ముందు గురి, ఆవల లక్ష్యం. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పడవవాని గురుతులు రెండూ దూరాన ఉంటాయి కనుక రెండూ కంటికి స్పష్టమే. తుపాకి మీద ఒకటి జానెడు దూరాన, మరొకటి దానికి కొంచెం ముందు, మూడవది ఎక్కడో 300 మీటర్ల ఆవల. కంటిలోని కటకం మూడు దూరాలకు ఒక్కసారిగా సర్దుకొనలేదు. ఒకటి స్పష్టమైతే తక్కినవి అలుక్కుపోతాయి.

ఈ చిక్కును మొదట విడదీసినవారు సైనికులు కారు, నక్షత్రాలు చూచేవారు. 1640 ప్రాంతంలో ఆంగ్లేయుడు విలియం గాస్కాయిన్ దూరదర్శినిలో వస్తుకటకపు నాభి వద్ద సన్నని పోగు అమర్చాడు. నక్షత్రపు ప్రతిబింబం, పోగు ఒకే తలంలో ఉన్నందున రెండూ కలిసి స్పష్టంగా కనిపించాయి. తుపాకి దూరదర్శినిలోని అడ్డగీతలకు మూలం అదే. కాని దూరదర్శినికి ఒక నియమం ఉన్నది. కన్ను సరిగా దాని వెనుక, తగిన దూరంలో ఉండాలి. లేకపోతే చీకటి వలయం తప్ప ఏమీ కనిపించదు.

1900లో డబ్లిన్ నగరపు దూరదర్శినుల నిర్మాత హోవర్డ్ గ్రబ్ వేరొక దారి చూపాడు. వెలిగే చిన్న గురుతును కటకపు నాభి వద్ద ఉంచితే, దాని కిరణాలు సమాంతరాలై వెలువడతాయి. వాటిని ఏటవాలు గాజుపలకతో కంటివైపు మళ్ళిస్తే ఆ గురుతు అనంతదూరంలో, లక్ష్యం మీదనే తేలుతున్నట్లు ఉంటుంది. కన్ను కాస్త పక్కకు జరిగినా అది దూరపు లక్ష్యాన్ని విడిచిపోదు. ప్రయోగశాలలో గుండుసూదులతో పారలాక్స్ తొలగించిన విద్యార్థికి దీని కిటుకు వెంటనే బోధపడుతుంది. 1918లో జర్మన్ యుద్ధవిమానాలపై ఈ పద్ధతి వాడుకలోనికి వచ్చినది. నేటి రైఫిళ్ళపై కనిపించే ఎర్రచుక్క గురి దాని సంతతియే. గ్రబ్ పేరు హైదరాబాదుకు కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శిని ఆయన చేసినదే!

ఇక బుల్‌పప్ మాట. సాధారణ రైఫిల్‌లో తూటా పేలే భాగం ట్రిగ్గరుకు ముందు ఉంటుంది. దానిని వెనుకకు, మడమలోనికి జరిపితే గొట్టం తగ్గకుండానే తుపాకి పొట్టిదవుతుంది. మన ఇన్సాస్ పొడవు 960 మిల్లీమీటర్లు, గొట్టం 464. ఇజ్రాయెల్ వారి బుల్‌పప్ తవోర్ గొట్టం 460, మొత్తం పొడవు 720 మాత్రమే. జానెడుకు పైగా ఆదా. పడవ గదిలో, హెలికాప్టరులో ఇది చిన్న విషయం కాదు.

దీనికి వెల చెల్లించవలసినది గురి దగ్గర. రెండు గురుల మధ్య ఎడం 500 మిల్లీమీటర్లయితే, ఒక మిల్లీమీటరు పొరపాటు 300 మీటర్ల వద్ద 60 సెంటీమీటర్లవుతుంది. ఎడం 330కి తగ్గితే అదే పొరపాటు 91 సెంటీమీటర్లు. అందువలన బుల్‌పప్ రూపకర్తలలో పలువురు మొదటినుండి గాజును ఆశ్రయించారు. 1951లో బ్రిటన్ ఆమోదించి, అంతలోనే విడిచిపెట్టిన ఇ.ఎం.2కు వృద్ధి చేయని దృశ్యగురి ఉండేది. 1977లో ఆస్ట్రియా సైన్యం చేపట్టిన స్టెయర్ ఆగ్‌కు ఒకటిన్నర రెట్ల దూరదర్శిని, 1985 నాటి బ్రిటిష్ ఎల్85కు నాలుగు రెట్లది.

ఎన్ని రెట్లు మంచిది? వస్తుకటకపు వ్యాసాన్ని రెట్లతో భాగిస్తే కంటిలోనికి వచ్చే కాంతిపుంజపు వెడల్పు తెలుస్తుంది. 24 మిల్లీమీటర్ల కటకం, 4 రెట్లు అయితే 6 మిల్లీమీటర్లు. చీకటిలో యువకుని కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది కనుక అది చాలు. అదే కటకంతో 8 రెట్లు కోరితే 3 మిల్లీమీటర్లే, మునిమాపు వేళ దృశ్యం మసకబారుతుంది. పైగా దృశ్యం ఇరుకవుతుంది, పడవ ఊపు కూడ అన్ని రెట్లవుతుంది. ఊగే పడవ మీద వృద్ధి చేయని గురియే మేలని నా అభిప్రాయం. ఒడ్డున నిలిచినవానికి మాత్రం నాలుగు రెట్లు కావాలి. దూరాన ఉన్న మనిషి చేతిలోనిది తెడ్డా, తుపాకియా అని తెలియకుండా ట్రిగ్గరు నొక్కరాదు గదా. గురి తప్పిన గుండు కూడ ఎక్కడో ఒకచోట తగులుతుంది.

మరొక సంగతి మరువరాదు. బుల్‌పప్‌లో మడమ గొట్టానికి సూటిగా ఉండటంచేత గురి గొట్టానికి అయిదారు సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది. అతి సమీపంలో కాల్చినప్పుడు గుండు దాదాపు అంత కిందుగా తగులుతుంది.

రాత్రి సంగతి వేరు. తవోర్‌పై వాడే మెప్రో 21 గురికి బ్యాటరీ అక్కరలేదు. పగలు కాంతితంతువు, రాత్రి ట్రిటియం దాని చుక్కను వెలిగిస్తాయి. కాని అది చుక్కను చూపగలదే తప్ప లక్ష్యాన్ని వెలిగించలేదు. అందుకు నక్షత్రకాంతిని వేలరెట్లు పెంచే పరికరం కావాలి. అటువంటివి మన మచిలీపట్నంలోనే తయారవుతాయి. 1926లో అక్కడ వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తీసుకొన్నది. దీపం, పట్టీ వంటి తక్కిన ఉపకరణాలు అవసరాన్ని బట్టి చాలు. ప్రతి ఒక్కటీ బరువే.

తీరంలో గాజుకు ఉప్పుగాలి పెద్ద శత్రువు. లోపల ఆవిరి పట్టకుండ గొట్టంలో పొడి నత్రజని నింపి మూసివేస్తారు. పైన పేరిన ఉప్పును మాత్రం పొడిబట్టతో రుద్దితే అద్దం గీతలు పడుతుంది. ముందు మంచినీటితో కడిగి, తరువాతనే తుడవాలి.