ఓరుగంటినుండి పర్వతమునకు: శ్రీశైల పాదయాత్రా మార్గముల చరిత్ర

శ్రీశైల చరిత్రమును గూర్చి వ్రాసినవారు సాధారణముగ ఆలయముకడ ప్రారంభించి ఆలయముకడనే ముగింతురు. ఏ రాజు ఏ మండపము కట్టించెను, ఏ మఠము ఏ కాలమున వర్ధిల్లెను అను విషయములు శాసనములనుండి చక్కగా నిర్ణయింపబడినవి. కాని మోటారు బాటలు ఏర్పడువరకు యాత్రికునకు ఆలయదర్శనము కొన్ని గడియల పని, అడవి నడక అనేక దినముల పని. ఆ నడక జరిగిన దారులకు ప్రత్యేకమైన చరిత్ర కలదు. ఆ చరిత్రకు ఆధారములు మూడు తెఱగులు: కావ్యములు, శాసనములు, యాత్రికుల వ్రాతలు. వీనిని కలిపి చదివినచో, ఆలయ శాసనములు చెప్పని ఒక విషయము తేటపడును. ఈ యాత్రను నిలిపినవారు రాజులు మాత్రమే కారు. దారి యెఱిగిన వనవాసులును, దారి నడచిన సామాన్యులును దానిని నిలిపిరి.

ఓరుగంటి ప్రాంతమునకు శ్రీశైలముతోడి సంబంధము కాకతీయుల తొలినాళ్లనుండియు కలదు. 11వ శతాబ్ది చివరినాటి సంగతులను తెలుపు కాజీపేట దర్గా శాసనమువలన, శ్రీపర్వతమునందలి మల్లికార్జున శిలామఠమునకు చెందిన రామేశ్వర పండితుడు కాకతి రెండవ బేతరాజునకు గురువని తెలియుచున్నది. ఓరుగంటికిని శ్రీశైలమునకును నేరుగా కొలిచినచో దూరము సుమారు 225 కిలోమీటర్లు. నడుమ మైదానమును, అమరాబాదు పీఠభూమియు, నల్లమలయు, కృష్ణానది లోయయు కలవు. గురుశిష్య సంబంధ మంత దూరము సాగినదన్న, రాకపోకలకు అనువైన దారి అప్పటికే యున్నదని ఊహింపవచ్చును.

ఈ దారుల జీవమును మనకు చూపిన కవి పాల్కురికి సోమనాథుడు. ఆయన పేరిటి పాలకుర్తి మొన్నటివరకు వరంగల్లు జిల్లాలోనిదే; నేడు జనగామ జిల్లాలో చేరినది. పండితారాధ్య చరిత్రమున కడపటిదైన పర్వత ప్రకరణము శివరాత్రి యాత్రకు తరలివచ్చు జనసమూహములను, వారి వ్రతములను, ఆటపాటలను వర్ణించుచున్నది. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, వెన్నెల పదములు మున్నగు దేశిగేయముల పేర్లు మనకు ఆ గ్రంథమువలననే తెలియుచున్నవి. సాహిత్య చరిత్రకారులు ఈ పట్టికను ఛందస్సు దృష్టితో పరిశీలించిరి. దీనినే నడక దృష్టితోను చూడవలెను. గుంపుగా కొండ నెక్కువారికి అడుగులు కలియవలెను, బడలిక తెలియకుండవలెను, వెనుకబడినవానికి ముందువారి జాడ వినబడవలెను. ఈ మూడు పనులను పాట చేయును. ‘పర్వతము’ అని యూరకన్నచో శ్రీశైలమే యని గ్రహించుట ఆ ప్రకరణ నామముననే కలదు. నేటికిని తెలంగాణమున ‘పర్వతాలు’ అను పురుషనామము వినబడుచున్నది.

క్షేత్రమునకు నాలుగు ద్వారములని సంప్రదాయము. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. ఉపద్వారములలో ఏలేశ్వరము ఈశాన్యమునది. భక్తులు వీనిని పుణ్యస్థలములుగా లెక్కింతురు. భౌగోళికముగ చూచినచో ఇవి మైదానము విడిచి అడవికి మఱలు తావులు, లేదా నదిని సమీపించు తావులు. యాత్రికులు గుంపులు కూడుటకును, భత్యము సమకూర్చుకొనుటకును తగినవి ఇట్టి స్థలములే. ఓరుగంటివారికి ఉత్తర, ఈశాన్య ద్వారములు సమీపములు. ఉత్తరమునుండి వచ్చువారు కృష్ణాతీరమున పాతాళగంగకు దిగి, నది దాటి, మరల కొండ నెక్కవలెను. శివరాత్రి కాలము కూడ ఈ నడకకు అనుకూలించినది. పంటలు ఇల్లు చేరియుండును. నది ఉద్ధృతి తగ్గియుండును. అడవి మడుగులు ఇంకను పూర్తిగ ఎండవు.

దక్షిణ పశ్చిమములనుండి వచ్చువారి ప్రసిద్ధ మార్గము ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెఱువు, భీముని కొలనుల మీదుగ కైలాసద్వారమునకు చేరును. మజిలీలన్నియు నీటిని అనుసరించియున్నవి. భీముని కొలనుకడ లోతైన లోయలోనికి దిగి నిట్టనిలువుగ ఎక్కవలెను. అక్కడనే రాతిమెట్ల అవసరము హెచ్చు. 1325 ప్రాంతమున రాజ్యమునకు వచ్చిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును అహోబలమునకును సోపానములు కట్టించెనని ప్రసిద్ధి. విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ 1393లో పాతాళగంగకు మెట్లు కట్టించెను. గోపురము కట్టించినవాని కీర్తి దూరమునకు కనబడును. మెట్టు కట్టించినవాని పుణ్యము అడుగుక్రింద నుండును. బరువు మోయు కూలియు, వృద్ధయు దానిని అనుభవింతురు.

కుంపిణీ సేనాధికారి కాలిన్ మెకంజీ 1794లో ఈ క్షేత్రమును దర్శించెను. ఆయన వృత్తాంతము 1798లో ఏషియాటిక్ రిసర్చెస్ సంపుటమున అచ్చయినది. దాని శీర్షికలో క్షేత్రనామము ‘పెరువత్తం’ అని యుండుట గమనింపదగినది. సోమనాథుని పర్వతమే జనుల నోటినుండి ఆంగ్లలిపికి ఎక్కినది. తరువాత మదరాసు సుప్రీంకోర్టు ప్రధాన ద్విభాషి ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశికి బయలుదేరి, త్రోవలో నల్లమల దాటి శ్రీశైలమును దర్శించి, 1831 సెప్టెంబరు 3న మరల ఇల్లు చేరెను. ఆయన మరణించిన రెండేండ్లకు, 1838లో, కాశీయాత్ర చరిత్ర అచ్చయినది. మజిలీ మజిలీకి నీటివసతి, అంగళ్లు, దారి మంచిచెడ్డలు వ్రాయుట ఆయన పద్ధతి. యాత్రికులనుండి కందనూరు నవాబు రాబట్టుచుండిన సుంకమును కూడ ఆయన విడువలేదు. సోమనాథునిలో దారి ఉత్సవము. వీరాస్వామయ్యలో దారి లెక్క. చరిత్రకారునకు రెండును కావలెను.

ఈ రచనలన్నిటి వెనుక నిలిచినవారు చెంచులు. నీటి జాడ, మృగముల సంచారము, వాగు దాటు చోటు వారికే తెలియును. కర్నూలు ప్రాంతమున కనుమదారుల కావలి కూడ వారికి అప్పగింపబడుచుండెను. మల్లన్నను తమ యింటి అల్లునిగా, చెంచు మల్లయ్యగా చెప్పుకొను వారి కథలు, వారిని క్షేత్రమునకు అన్యులుగ కాక చుట్టములుగ నిలిపినవి. హైమెన్‌డార్ఫ్ 1940 ప్రాంతమున అమరాబాదు చెంచులనడుమ పరిశోధించి 1943లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించెను. కాని యాత్రామార్గముల దృష్టితో వారి స్థలనామములను సేకరించు పని ఇంకను చాల మిగిలియున్నది.

ఆ పనికి కాలము వేచియుండదు. ఏలేశ్వరము నాగార్జునసాగర జలములలో మునిగినది. శ్రీశైలము ఆనకట్టవలన కూడలి సంగమేశ్వరాలయమును అలంపురమునకు తరలింపవలసివచ్చినది. అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరినది. 2014 తరువాత తెలంగాణ భాగము అమరాబాదు పేరిట వేరయినది. వన్యమృగ రక్షణకు కట్టుబాట్లు అవసరమే. కాని బాట మూతపడినచో బాట పేర్లును మూతపడును. నేటికిని కన్నడ యాత్రికులు, భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించి, ఉగాదికి నల్లమల గుండ నడచి వచ్చుచున్నారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరము జాతర జరుగుచున్నది. అక్కడ చెంచులే పూజారులు. ఆ కొలది దినములలో, అనుమతి పొంది, పరిశోధక విద్యార్థులు వారివెంట నడచి మజిలీల పేర్లు, మెట్ల వరుసలు, నడకపాటలు వ్రాసికొనవలెను. పర్వత ప్రకరణమునకు వ్యాఖ్యానము గ్రంథాలయమున సగమే దొరకును. మిగిలిన సగము నాగలూటికిని భీముని కొలనుకును నడుమ, వృద్ధుల నోట నున్నది.