మురుగునీటి సాక్ష్యము

చరకసంహిత విమానస్థానమున జనపదోద్ధ్వంసమును గూర్చిన అధ్యాయము కలదు. వేర్వేరు ప్రకృతులు, వేర్వేరు ఆహారములు గల జనులు ఒకే కాలమున ఒకే వ్యాధికి ఏల లోనగుదురని అందలి ప్రశ్న. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును చెడుటయే హేతువని సమాధానము. నీరు రోగమును తెచ్చునని ప్రాచీనులు ఎరుగుదురు. ఆ నీరే రోగము జాడను ముందుగా తెలుపగలదని ఆధునికులు కనుగొనిరి.

పోలియో, కరోనా వైరసులు సోకినవారి మలముతో బయటికి పోవును. రోగలక్షణములు లేనివారినుండియు పోవును. ఆసుపత్రికి రానివాని పేరు ఆసుపత్రి పుస్తకమున కెక్కదు గాని, వాని ఇంటి నీరు నగరపు మురుగులో కలియక మానదు.

2014లో భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడెను. అయినను పరీక్షకులు మురుగుకాలువలను విడువలేదు. 2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీట రెండవ రకపు పోలియో వైరసు కనబడెను. అది చుక్కలమందులోని బలహీన వైరసు మార్పుచెందగా పుట్టినది. దానివలన కాలు చచ్చుబడిన బిడ్డ ఒక్కరును కనబడలేదు. అయినను ఆ నీటి సాక్ష్యమును నమ్మి, జూన్ నెలలో సుమారు 3 లక్షలమంది పిల్లలకు సూదిమందు వేసిరి.

మార్పు తెలియుట ఎట్లు? గ్రంథాలయ పాఠకులకు పాఠభేదము కొత్త మాట కాదు. తాళపత్రమును ప్రతి తీయునపుడు లేఖకుడు అక్షరము తప్పును; ఆ తప్పు తరువాతి ప్రతులకు సంక్రమించును. తప్పులను పోల్చి, ఏ ప్రతి ఏ మూలమునుండి వచ్చినదో పండితులు నిర్ణయింతురు. వైరసు జన్యులిపియు ఇట్టిదే. డెల్టా, ఒమిక్రాన్ అనునవి కరోనా పాఠాంతరములే. మురుగునీటిలో అనేక ప్రతుల చినిగిన ఆకులు కలిసియుండును; వాటిని చదివి ఏ పాఠము పెరుగుచున్నదో, ఏది తగ్గుచున్నదో అంచనా కట్టుదురు. ఆసుపత్రి నీరు అచటి రోగులలోని పాఠములను చూపును. నగరపు నీరు రోగమని ఎరుగనివారిలోని వాటినిగూడ చూపును.

2020 ఆగస్టులో హైదరాబాదులోని సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు శుద్ధికేంద్రముల మురుగును పరీక్షించి, అంతకు ముందరి 35 దినములలో నగరమున సుమారు 6 లక్షలమందికి పైగా కరోనా సోకియుండునని అంచనా వేసిరి. ఇంతటి సంఖ్య తేలినను, అందు ఒక్కని పేరు బయటపడలేదు. రోగమును చెప్పుకొనుటకు జనులు వెరచిన ఆ దినములలో ఇది చిన్న మేలు కాదు.

కాని ఈ లెక్కకు ఒక కొరత కలదు. నాడు హైదరాబాదు మురుగులో సుమారు నూటికి 40 వంతులే శుద్ధికేంద్రములకు చేరుచుండెను. తక్కినది ఖాతా కెక్కని పద్దు. నగరముననే ఇట్లున్నచో, శుద్ధికేంద్రములు అరుదైన యాడికివంటి మెట్టసీమల మాట చెప్పనేల? ఇచట నీరు మనకు మారుగా సాక్ష్యము చెప్పదు. జ్వరము వచ్చినవాడు దాచక ఆరోగ్యకేంద్రమునకు తెలుపుటయు, తెలిపినవానిని ఇరుగుపొరుగు వెలివేయక ఆదరించుటయు పల్లెకు మిగిలిన రక్ష.