మిశ్రమ సంగీతం: గొంతు ఎవరిది, పేరు ఎవరిది?

భిన్న సంప్రదాయాల సంగీతం ఒకచోట కలవడం మన దేశంలో కొత్త సంగతి కాదు. పడమటి వాయిద్యమైన వయొలిన్ కర్ణాటక కచేరీలోకి వచ్చి మనదే అన్నంతగా స్థిరపడింది. హార్మోనియం శ్రుతి లేని పద్యనాటకాన్ని మనం ఊహించుకోలేం. కాబట్టి "ఫ్యూజన్" అన్న పేరు వినగానే కల్తీ అని ముఖం తిప్పుకునే సంప్రదాయవాదులతో నాకు పేచీ ఉంది. కలయిక జరిగింది కదా అని దాన్ని సమానుల కలయికగా భావించి మురిసిపోయే మిత్రులతోనూ అంతే పేచీ ఉంది. ఎవరు పిలిచారు, ఎవరి షరతుల మీద కలిశారు, చివరికి పాట మీద ఎవరి పేరు నిలిచింది అన్న ప్రశ్నలు వేయకుండా సంగీత చరిత్ర రాయలేం. 2013లో ఎం.టీ.వీ.లో ప్రసారమైన కోక్ స్టూడియో మూడో సీజన్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కొంత పూర్వరంగం. 1960లలో రవిశంకర్, యెహుదీ మెనుహిన్ కలిసి వాయించారు. 1970లలో జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, విక్కు వినాయకరాం "శక్తి" బృందంగా ఏర్పడ్డారు. ఇవి కచేరీ వేదికల్లో ఆరితేరిన విద్వాంసుల మధ్య కలయికలు. ఎవరి పేరు వారికుంది, ఎవరి ప్రతిష్ఠ వారికుంది. 1988 ఆగస్టు 15న దూరదర్శన్ "మిలే సుర్ మేరా తుమ్హారా" ప్రసారం చేసింది. తెలుగుతో సహా అనేక భాషలను ఒకే పాటలో కూర్చిన ఆ ప్రయత్నానికి పోషకుడు ప్రభుత్వం, సందేశం జాతీయ సమైక్యత. 1991 తర్వాత మార్కెట్ తలుపులు తెరుచుకున్నాయి, ఉపగ్రహ టెలివిజన్ ఇంటింటికీ వచ్చింది. పోషకుడి పీఠం మీద కంపెనీ కూర్చుంది.

కోక్ స్టూడియో మూలం బ్రెజిల్‌లో 2007లో వచ్చిన ఒక కార్యక్రమం. 2008లో పాకిస్తాన్‌లో రొహైల్ హయత్ చేతిలో అది గొప్ప సంగీత ప్రయోగంగా రూపుదిద్దుకుంది. మన దేశంలో 2011 జూన్‌లో మొదలైంది. మొదటి సీజన్ బాధ్యత అంతా లెస్లీ లూయిస్‌దే. రెండో సీజన్ నుంచి ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క సంగీత దర్శకుడికి అప్పగించారు. 2013 ఆగస్టులో మూడో సీజన్ ఏ.ఆర్. రెహమాన్‌తో ఆరంభమైంది.

ఆ సీజన్‌లో మంచి సంగీతం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రెహమాన్ "జరియా"లో జోర్డాన్ గాయని ఫరా సిరాజ్, నేపాల్ బౌద్ధ సన్యాసిని ఆనీ చోయింగ్ డ్రోల్మా ఒకరి గొంతును ఒకరు తొక్కకుండా పాడారు. వృద్ధుడైన ఉస్తాద్ గులాం ముస్తఫా ఖాన్ పాడుతుంటే డ్రమ్స్, గిటారు ఆయన నడకకు తగ్గి నడిచాయి. ఇక్కడ కూడా ప్రతివారికీ ప్రపంచమెరిగిన పేరుంది. అసలు పరీక్ష, పేరు లేని సంప్రదాయం ఆ వేదిక ఎక్కినప్పుడు వస్తుంది.

రామ్ సంపత్ స్వరపరిచిన "కట్టే" పాటలో రాజస్థాన్ గాయని భన్వరీ దేవి, బ్రిటన్‌లో పెరిగిన పంజాబీ ర్యాపర్ హార్డ్ కౌర్ కలిసి పాడారు. భన్వరీ దేవి భోపా సముదాయానికి చెందిన మనిషి. వీరు పశువుల కాపరులు కొలిచే పాబూజీ వీరగాథను తెల్లవార్లూ గానం చేసేవారు. వెనక పొడవాటి చిత్రపటం పరుస్తారు. భోపా రావణహత్థ వాయిస్తూ కథ నడుపుతుంటే, అతని భార్య భోపీ దీపం పట్టుకుని పటంలోని బొమ్మ మీద వెలుగు పడేట్టు నిలబడి గొంతు కలుపుతుంది. ఆ పటం వారికి కదిలే గుడి.

తెలుగు పాఠకుడికి ఇది అపరిచితమైన లోకం కాదు. చేర్యాల నకాషీల చేత పటం రాయించుకుని కాకిపడగల వారు ముదిరాజులకు, కూనపులి వారు పద్మశాలీలకు కథ చెప్పారు. డక్కలి వారు మాదిగలకు జాంబపురాణం చెప్పారు. ఏ కులానికి ఎవరు కథ చెప్పాలో, ఏ ఊళ్లు ఎవరి వాటాకు వస్తాయో తరతరాల ఒప్పందం ఉంది. దీన్ని స్వర్ణయుగమని కీర్తించనక్కర్లేదు. అది కులానికి కట్టేసిన బతుకు. అయినా, దాతల ఇంటి ముందు నిలబడి నా వాటా నాకు పెట్టమని అడిగే హక్కు ఆ కళాకారుడికి ఉంది. స్టూడియోలో ఆ హక్కు స్థానంలో పిలుపు వచ్చింది. పిలుపు ఒకసారి రావచ్చు, మళ్లీ రాకపోవచ్చు.

రూపంలో వచ్చిన మార్పు కూడా చిన్నది కాదు. రాత్రంతా సాగే గానంలో ఎక్కడ ఆగాలో, ఏ ఘట్టం పెంచాలో వినేవాళ్ల ముఖాలు చూసి గాయకులే నిర్ణయించుకుంటారు. స్టూడియోలో కాలప్రమాణం, శ్రుతి, పాట నిడివి ముందే బిగించి ఉంటాయి. జానపద గొంతు కొన్ని నిమిషాలలో తన పని ముగించుకోవాలి.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి. పటం ముందు భర్త వెంట గొంతు కలిపే భోపీ, ఇక్కడ ముఖం మీద మేలిముసుగుతోనే ప్రధాన గాయనిగా నిలిచింది. ఆమె పక్కన ముసుగు సంగతే ఎరగని హార్డ్ కౌర్ నిలబడింది. ఒకరి కోసం ఒకరు తగ్గకుండా ఆ ఇద్దరు స్త్రీల గొంతులు ఎదురుబొదురుగా నడిచిన తీరులో నిజమైన సమకాలీనత ఉంది. పాత పోషకులెవరూ ఆమెకు ఆ చోటు ఇవ్వలేదు. ఈ వైరుధ్యాన్ని దాటవేసే విమర్శ సగం విమర్శే.

ఇక పేరు సంగతి. ఈ సీజన్‌కు ఏడాది ముందు, 2012లో, కాపీరైటు చట్టాన్ని సవరించారు. గేయ రచయితలూ స్వరకర్తలూ తమ రాయల్టీ వాటాను నిర్మాతలకు ధారాదత్తం చేయకుండా ఆ సవరణ రక్షణ ఇచ్చింది. రచయితలుగా మనం హర్షించాల్సిన చట్టమే. కానీ కర్త ఎవరో తెలిసిన పాటకే ఆ రక్షణ అందుతుంది. తరాల నుంచి ఒక సముదాయం నోట నిలిచిన పాటకు రచన అన్నచోట "సంప్రదాయం" అని వేయడం రికార్డింగ్ పరిశ్రమలో పాత అలవాటు. ఆ ఒక్క మాటతో సముదాయం హక్కు ముగుస్తుంది, కూర్పు చేసినవారి హక్కు మొదలవుతుంది.

వేదిక మీద రాసి ఉన్న పేరును కూడా చరిత్ర అడగాలి. 1977లో దేశం విడిచి వెళ్లిన కోకాకోలా 1993లో తిరిగొచ్చింది. కేరళలోని ప్లాచిమడలో 2000లో ఫ్యాక్టరీ పెట్టింది. బావులు ఎండిపోయాయనీ నీళ్లు తాగడానికి పనికిరాకుండా పోయాయనీ అక్కడి ఆదివాసులు 2002లో పోరాటం మొదలుపెట్టారు. మయిలమ్మ వంటి స్త్రీలు ముందు నిలిచారు. 2004లో ఫ్యాక్టరీ మూతపడింది. బాధితుల నష్టపరిహారం కోసం కేరళ శాసనసభ 2011 ఫిబ్రవరిలో బిల్లు ఆమోదించింది. కోక్ స్టూడియో మన తెరల మీదికి వచ్చింది ఆ తర్వాత నాలుగు నెలలకు. ఒకదానికి మరొకటి కారణమని నేననడం లేదు. అయితే 2013లో "జగావో మేరే దేశ్ కో" అంటూ టాగూరు ప్రార్థనను ఆ పేరు కిందే విన్నప్పుడు, మేల్కొలపవలసిన దేశంలో ప్లాచిమడ కూడా ఉందని గుర్తు చేసుకోవడం శ్రోత బాధ్యత.

మరి కలయికకు వేరే దారి లేదా? ఉందని మన చరిత్రే చెబుతుంది. 1940లలో ప్రజానాట్యమండలి కాలంలో షేక్ నాజర్ జంగం కథను బుర్రకథగా తీర్చిదిద్దినప్పుడు చేసింది కూడా మిశ్రమమే. పాత వరసలో కొత్త వస్తువు పెట్టాడు. ఒక వంత చేత హాస్యం, మరొక వంత చేత రాజకీయం చెప్పించాడు. ఆ మార్పులో కళ్లెం కళాకారుడి చేతిలోనే ఉంది. పేదింట పుట్టిన నాజర్ పేరు ఆ కథ నుంచి చెరిగిపోలేదు. అయితే మన ఉద్యమాలకు బాణీలిచ్చిన పల్లె గాయకులలో ఎందరి పేర్లు మన పాటల పుస్తకాలలో అచ్చయ్యాయో లెక్క చూడాలి. కంపెనీని అడిగే ప్రశ్న మనల్ని మనం అడగకపోతే దానికి బలం ఉండదు.

కోక్ స్టూడియో మన దేశంలో 2015లో నాలుగో సీజన్‌తో ఆగి, 2023లో "భారత్" అనే పేరు తగిలించుకుని మళ్లీ వచ్చింది. వేదికలు ఇంకా వస్తాయి, జానపదుల గొంతులకు గిరాకీ పెరుగుతుంది. 1960లో రాజస్థాన్‌లోని బోరుందా పల్లెలో విజయ్‌దాన్ దేథాతో కలిసి రూపాయన్ సంస్థాన్ స్థాపించిన కోమల్ కొఠారీ, లంగా, మాంగణియార్ గాయకుల పాటలను వారి జీవనంతో సహా జీవితాంతం సేకరించాడు. తెలుగు సాహిత్య విద్యార్థులు చేయాల్సిన పని ఇదే. ఒక పాట రాసుకున్నప్పుడు పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చారు, ఎవరికోసం పాడతారు అన్నవి కూడా రాసుకోవాలి. రేపు ఆ పాట ఏ స్టూడియోలో తేలినా, ఇది ఫలానావారిదని చెప్పడానికి ఒక కాగితమైనా ఉండాలి.