పైరుకు పురుగు, పశువుకు జబ్బు.. మందు కొనే ముందు ఎవరిని అడగాలి?

మిర్చి పూతలో నల్లటి సన్న పురుగులు కనిపిస్తే చాలామంది రైతులు మొదట వెళ్లేది పురుగుమందుల దుకాణానికి. పాడి గేదె చొంగ కారుస్తూ మేత మానేస్తే ఊళ్లో సూది వేసే మనిషికి కబురు పెడతారు. వచ్చిన పురుగేదో, రోగమేదో తేలకముందే మందు పడిపోతుంది. డబ్బు పోవడం ఒక్కటే కాదు, సరైన వైద్యానికి ఉన్న సమయం కూడా పోతుంది. పంటకైనా పశువుకైనా ముందు రోగం గుర్తించి చెప్పే ప్రభుత్వ వ్యవస్థ మన మండలం స్థాయి నుంచే ఉంది. దాన్ని వాడుకోవడం ఎలాగో చూడండి.

గుర్తింపు ఎందుకంత ముఖ్యం?

2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిర్చి తోటలను నల్ల తామర పురుగు దెబ్బతీసింది. రైతులకు అప్పటివరకు తెలిసిన తామర పురుగు ఎక్కువగా లేత ఆకులను ఆశిస్తుంది. ఇది పూలలో గుంపుగా చేరి పూత, పిందె రాలిపోయేలా చేస్తుంది. పాత పురుగే అనుకుని మందుల మీద మందులు కొట్టినచోట దాన్ని తినే మిత్రపురుగులు చనిపోయాయి, ఖర్చు పెరిగింది, పురుగు మాత్రం తగ్గలేదు. ఇది బయటి నుంచి వచ్చిన కొత్త జాతి అని శాస్త్రవేత్తలు తేల్చాక సలహా మారింది. నీలి రంగు జిగురు అట్టలు పెట్టడం, వేప సంబంధిత మందులు వాడటం, ఒకే రకం మందును పదేపదే కొట్టకపోవడం అందులో ముఖ్యమైనవి.

పత్తిలో గులాబీ రంగు పురుగుదీ ఇలాంటి కథే. మన దేశంలో బీటీ పత్తికి 2002లో, రెండు జన్యువులున్న రకానికి 2006లో అనుమతి వచ్చింది. తర్వాతి కాలంలో ఈ పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చుకుంది. అందుకే ఇప్పుడు లింగాకర్షక బుట్టలు పెట్టి లెక్క చూడమంటున్నారు. ఒక్కో బుట్టలో రోజుకు 8 రెక్కల పురుగుల చొప్పున వరుసగా మూడు రోజులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. అంతకంటే తక్కువ పడుతుంటే కొట్టిన మందు చాలావరకు వృథాయే.

పంటకు ఎవరిని అడగాలి?

తెలంగాణలో మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని రైతు వేదికలో కలవండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకులను అడగండి. అక్కడ తేలకపోతే కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి. అక్కడ సస్యరక్షణ శాస్త్రవేత్తలుంటారు. పత్తి, మిర్చికి గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానం పేరున్నది.

ఇంటి నుంచే అడగాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు ఫోన్ చేయండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పనిచేస్తుంది, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

చూపించడానికి ఏం తీసుకెళ్లాలి?

పూర్తిగా ఎండిన మొక్కను తీసుకెళ్తే ఏమీ తేలదు. తెగులు అప్పుడే మొదలైన మొక్క ఒకటి, సగం దెబ్బతిన్నది ఒకటి, బాగున్నది ఒకటి వేళ్లతో సహా తవ్వి తీసుకోండి. పాలిథిన్ కవరులో పెడితే చెమ్మకు కుళ్లిపోతాయి. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి అదే రోజు చేర్చండి. పురుగైతే మూత ఉన్న చిన్న సీసాలో వేసుకోండి. ఇప్పటివరకు ఏ మందు, ఏ తేదీన, ఎంత మోతాదులో కొట్టారో కాగితంపై రాసుకెళ్లండి. శాస్త్రవేత్త అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి.

డబ్బా మీద ఏం చూడాలి?

మందు పేరు కన్నా ముందు మీ పంట, మీ పురుగు పేరు లేబుల్‌పై ఉందో లేదో చూడండి. డబ్బాపై ఉండే రంగు విషం తీవ్రతను చెబుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం. ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతాయి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న బిల్లు తీసుకోండి. మందు పనిచేయలేదని ఫిర్యాదు చేయాలంటే అదే ఆధారం. మందు కొట్టేటప్పుడు ఎవరికైనా కళ్లు తిరిగితే, వాంతులైతే డబ్బాను, లోపలి కరపత్రాన్ని ఆస్పత్రికి తీసుకెళ్లండి. విరుగుడు వివరం అందులో ఉంటుంది.

పశువులకు ఏ టీకాలు?

గాలికుంటు, ఈసుడు రోగం నివారణకు కేంద్రం 2019లో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. ఈ టీకాలు ఉచితం. గాలికుంటుకు దూడలకు నాలుగు నెలల వయసులో మొదటి డోసు, నెల తర్వాత బూస్టర్, ఆపై ఆరు నెలలకోసారి వేయించాలి. ఈసుడు రోగం టీకా 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు మాత్రమే, అదీ ఒక్కసారే. ఆ వయసు దాటితే అవకాశం పోయినట్టే. పశువు ఈసుకుపోవడానికి కారణమయ్యే ఈ రోగం మనుషులకూ సోకుతుంది. కాబట్టి ఈసుకుపోయిన పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో తాకవద్దు. పాలు కాచే తాగండి.

గొర్రెలు, మేకలకు పారుడు రోగం టీకా వేయించండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానాకాలం మొదలవకముందే పడాలి. టీకా రోజున పశువు చెవికి 12 అంకెల పోగు ఉండేలా చూసుకోండి. వేసిన టీకా ఆ నంబరుపైనే నమోదవుతుంది. పశువు నిండు చూడిదైనా, జ్వరంతో ఉన్నా ముందే డాక్టర్‌కు చెప్పండి.

జబ్బు పడితే..

దగ్గర్లోని పశువైద్యశాలకు చెప్పండి. పశువును తరలించలేకపోతే 1962కు ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు ఇదే. ముద్ద చర్మవ్యాధి, గాలికుంటు లాంటి అంటువ్యాధి అనుమానం వస్తే ఆ పశువును వెంటనే విడిగా కట్టేయండి. సంతకు తోలవద్దు, మందలో కలపవద్దు. యాంటీబయాటిక్ వాడితే పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి.

హఠాత్తుగా చనిపోతే కోయకండి

ఆరోగ్యంగా ఉన్న గొర్రె లేదా పశువు ఉన్నట్టుండి చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే దొమ్మ రోగంగా అనుమానించాలి. ఆ కళేబరాన్ని కోయవద్దు, చర్మం ఒలవవద్దు, మాంసం పంచుకోవద్దు. కోస్తే గాలి తగిలి ఆ క్రిములు గట్టి పెంకుతో విత్తనాల్లా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. కోసినవారికీ, తిన్నవారికీ రోగం సోకి ప్రాణం మీదికి రావచ్చు. కుక్కలు తాకకుండా కాపలా పెట్టి డాక్టర్‌ను పిలవండి. వాళ్ల సూచనతో సున్నం చల్లి లోతైన గోతిలో పూడ్చాలి. ఆ పశువును ముట్టుకున్నవారి చర్మంపై నల్లటి పుండు వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పశువు చనిపోయిన సంగతి చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టర్‌కు రోగం దారి దొరుకుతుంది.

ఫోన్లో ఉంచుకోవాల్సిన నంబర్లు: పంటకు 1800 180 1551, పశువుకు 1962.