మూసుకుపోయిన సందు

అన్న తిరిగి రాలేదు. ముందే చెబుతున్నాను. ఇది చెప్పే ప్రతిసారీ వినేవాళ్ల కళ్లలో ఒక చిన్న ఆశ మెదులుతుంది, దాన్ని చూసి తట్టుకోలేను. 2011 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, నిర్మల్ వైపు దిగే మహబూబ్ ఘాటులో, టేకుచెట్ల నీడ పరుచుకున్న మలుపులో అన్న బండి పడిపోయింది. హ్యాండిల్ జారింది. కారణం అంతే.

ఎత్తు హ్యాండిల్ అన్నకు ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక. 1969లో అమెరికాలో వచ్చిన ‘ఈజీ రైడర్’ సినిమాతో ఆ ఎత్తు హ్యాండిళ్ల మోజు దేశదేశాలకూ పాకింది. ఆ సినిమా అన్న చూడనేలేదు. ఎవరో ఇచ్చిన పోస్టరును ఆదిలాబాద్‌లో మా ముందుగది గోడకు అంటించుకుని, చదువుకున్నన్నాళ్లూ దానికేసి చూస్తూ అన్నం తిన్నాడు. ఉద్యోగం వచ్చాక అడుగు ఎత్తున్న హ్యాండిల్ కొన్నాడు. అద్దంలా మెరిసేది. భుజాల ఎత్తున చేతులు చాపి, ఉన్ని శాలువా మెడకు చుట్టుకుని, వెనక అమ్మను కూర్చోబెట్టుకుని జైనథ్ గుడికి వెళుతుంటే, పత్తి చేల మధ్య ఆ బండి దడదడ చాలా దూరం వినిపించేది. ఇప్పటికీ అలాంటి చప్పుడు వీధిలో వినిపిస్తే అమ్మ చేతిలో పని ఆగిపోతుంది.

ఆ మెరుపులోనే ఉంది మోసం. బండితో వచ్చిన పాత హ్యాండిల్‌కు నడుమ, క్లాంపు పట్టే చోట, సన్నని గాట్ల గరుకు ఉండేది. కొత్తదానికి అక్కడ కూడా నున్నటి పూతే. పైగా అది పొడుగు. క్లాంపు దగ్గర గొట్టం మందం 22 మిల్లీమీటర్లు, అంటే నడిమధ్య నుంచి అంచుకు 11. పిడి ఉన్నది 300 మిల్లీమీటర్ల పైన. పైన చెయ్యి పది కిలోల బరువుతో నెడితే, కింద క్లాంపు దగ్గర 270 కిలోల బలమై గొట్టాన్ని తిప్పాలని చూస్తుంది. ఈ లెక్క నేను వేసుకున్నది అన్న పోయిన తర్వాత. పదో తరగతి పిల్లాడు వెయ్యగల లెక్క.

మొదటిసారి రైల్వే గేటు దగ్గర జారింది. పట్టాల మీద బండి ఎగిరిపడగానే పిడులు రెండు వేళ్ల మందం వెనక్కి వాలాయి. అన్న నవ్వి, అరచేతులతో ముందుకు నెట్టుకున్నాడు. అది సరిగ్గా నిలబడింది. చేత్తో నెడితే వచ్చిన హ్యాండిల్ చేత్తో నెడితే పోతుందని, వెనక కూర్చున్న నాకు తోచలేదు.

బండి ఎప్పుడూ చూసే చాచాకు మాత్రం తోచింది. క్లాంపు మీద బొటనవేలు రాసి చూసి, “బేటా, ఇది బోల్టుల తప్పు గాదు. గొట్టం నున్నగుంది, కింది పీట అరిగింది. రేపు బండి నా దగ్గర ఇడిశిపో” అన్నాడు.

“రేపు అక్క ఇంటికి పోవాలె చాచా. బిడ్డకు ఇరవై ఒకటో దినం. పొయ్యొచ్చినంక ఇస్త.”

నిర్మల్‌కు బస్సులున్నాయి. ఆ మాట అమ్మ అన్నది కూడా.

ఆ రాత్రి వాకిట్లో చలి కొరికేస్తోంది. మా ఊళ్లో జనవరి చలి ఐదారు డిగ్రీలకు దిగే రోజులుంటాయి. అన్న టార్చి పట్టుకున్నాడు. పానా నా చేతిలో ఉంది. నాలుగు బోల్టులు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాను. పైమూత దిగి దిగి కింది పీటకు ఆనింది. ముందూ వెనకా రెండు వైపులా సందు మూసుకుపోయింది. గోరు కూడా దూరదు. అదే గట్టితనమనుకున్నాను.

“ఇగ కదలదన్నా.”

“శెభాష్ తమ్మీ” అని తల నిమిరాడు.

మూతకూ పీటకూ మధ్య సన్నటి సందు మిగిలి ఉండాలి. కొన్ని బండ్లకు ఒక వైపు ఆనించి రెండో వైపు వదలమంటారు. ఎలాగైనా ఎక్కడో ఒకచోట ఉండాలి. సందు ఉన్నంతవరకే మూత గొట్టాన్ని నొక్కుతుంది. రెండు వైపులా ఆనుకున్నాక ఎంత బిగించినా ఆ బలం మూతా పీటా ఒకదాన్నొకటి నొక్కుకోవడానికే సరిపోతుంది. లోపల గొట్టం ఒంటరిగా ఉండిపోతుంది. నా చేతులకు అంత గట్టిగా తగిలింది ఇనుము ఇనుమును పట్టుకున్న గట్టితనం. అన్నను పట్టుకున్నది ఏదీ లేదు.

పొద్దున వెళ్లాడు. అప్పట్లో ఏడో నంబరని పిలిచే రోడ్డు మీద గుడిహత్నూరు, ఇచ్చోడ, నేరడిగొండ. ప్రతి గతుకూ ఆ పట్టును కొంచెం కొంచెం వదులు చేసి ఉంటుంది. నేరడిగొండలో ఆగి టీ తాగాడని తెలిసింది. అక్కడ ఒక్కసారి పిడులు ఊపి చూసుకున్నా బాగుండేది. ఘాటు దిగేటప్పుడు మలుపులో ఎదురుగా లారీ కనిపిస్తే బ్రేకు వేశాడు. బ్రేకు వేస్తే ఒంటి బరువంతా చేతుల మీదికి వస్తుంది. హ్యాండిల్ ముందుకు ఒరిగిపోయింది, దాంతోపాటు అన్న. బ్రేకు లివరు వేళ్లకు అందని చోటికి పోయింది. లారీ తగలలేదు. డ్రైవరే దిగి అన్న తల ఒళ్లో పెట్టుకున్నాడట. ఆయనెవరో నాకు తెలీదు. ఆయన్ని తలుచుకోని రోజు లేదు.

మరునాడు చాచా చేయాలనుకున్న పనేమిటో, చాలా నెలల తర్వాత ఆయన్నే అడిగాను. జిడ్డంతా పెట్రోలుతో తుడవడం. మూత అంచుల్ని ఆకురాయితో కాస్త రాయడం, సందు మిగిలేలా. గాట్లున్న గొట్టం వెతికి వెయ్యడం. నాలుగు బోల్టులనూ మూలమూలకు, కొంచెం కొంచెంగా బిగించడం. చివరికి గొట్టం మీదా క్లాంపు మీదా కలిపి ఒక గీత గీయడం, కదిలితే తెలిసేలా. “ఒక్క పూట పని, బేటా” అన్నాడు, అని మొహం అటు తిప్పుకున్నాడు.

అక్క కూతురు పుట్టినరోజుకు మా ఇంట్లో ఎవరం ఫోను చెయ్యలేం. అక్కే చేస్తుంది, ఏదో వేరే మాట మాట్లాడి పెట్టేస్తుంది.

పాత హ్యాండిల్ అటక మీద ఉంది. ఉగాదికి మళ్లీ ఇదే వేసుకుంటాననీ, ఎత్తుదానితో భుజాలు నొస్తున్నాయనీ అంటూ అన్నే పాత పేపర్లో చుట్టి పెట్టాడు. అప్పుడప్పుడు దించుతాను. పేపరు విప్పి, నడుమ ఆ గాట్ల మీద బొటనవేలు రాస్తాను. ఇప్పటికీ గరుకుగానే ఉన్నాయి.